ఎమ్మెస్సీ బోటనీలో దొరికేది ఒక్క వానాకాలమే: మీ గుట్ట మొక్కల జాబితా ఎలా చేయాలి

ఎమ్మెస్సీ బోటనీ రెండేళ్ల కోర్సు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాసి, కౌన్సెలింగ్ అయి, తరగతులు గాడిన పడేసరికి చాలాసార్లు దసరా వచ్చేస్తుంది. అప్పటికే గుట్టల మీద గడ్డి పసుపు తిరుగుతుంటుంది. మళ్లీ రెండో ఏడాది జూన్ నుంచి నవంబరు దాకా వానలు. ఆ తర్వాత నాలుగో సెమిస్టర్, ప్రాజెక్టు, పరీక్షలు. లెక్క వేసి చూడండి, మీ చేతికి వచ్చేది ఒకే ఒక్క వానాకాలం. దక్కను గుట్టల మీద చిన్న మొక్కల్లో చాలా భాగం ఆ ఐదారు నెలల్లోనే మొలిచి, పూసి, కాసి, ఎండిపోతాయి.

నేను చదువుకున్నప్పుడు ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నాకై నాకు అర్థమయ్యేసరికి నవంబరు వచ్చేసింది. పరీక్షకు పెట్టాల్సిన యాభై షీట్ల (ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కల) కోసం క్యాంపస్ గోడ పక్కన మిగిలిన గాయపాకు, ఉత్తరేణి కోసుకుని సరిపెట్టుకున్నాను. మీరు అలా చేయొద్దు. టాక్సానమీలో ప్రాజెక్టు చేయాలని ఉంటే, కనీసం మొక్కను చేతిలో పట్టుకుని దాని పేరు తేల్చే విద్య రావాలని ఉంటే, కోర్సులో చేరిన వారంలోనే మొదలుపెట్టండి. ఏం చేయాలో వరసగా చెబుతాను.

గుట్టను ఎంచుకోండి

పెద్ద అడవి మీద ఆశ పెట్టుకోవద్దు. నల్లమలలో నాలుగు రోజులు తిరిగి వచ్చినవాళ్ల కంటే, హాస్టల్ నుంచి సైకిల్ మీద వెళ్లగలిగే గుట్టకు ఏడాదిలో ముప్పైసార్లు వెళ్లినవాళ్లే ఎక్కువ నేర్చుకుంటారు. ఒకే మొక్కను మొలకగా, మొగ్గగా, పువ్వుగా, కాయగా చూస్తేనే అది మీకు పట్టుబడుతుంది.

రెండు మూడు చదరపు కిలోమీటర్లు చాలు. కానీ అందులో రకరకాల నేలలు ఉండాలి. పైన గుట్ట, కింద చెరువు, మధ్యలో బీడు, పక్కన పొలం గట్లు ఉన్న చోటైతే మేలు. గుట్ట మీద రాతి పరుపు ఉంటే ఇంకా మంచిది. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆ పరుపుల మీద నిలిచిన పలచటి తడిలో డ్రోసెరా, యుట్రిక్యులేరియా లాంటి పురుగులు తినే మొక్కలు కనిపించవచ్చు. అవి వేలెడంత కూడా ఉండవు. మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనబడవు.

అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. క్యాంపస్ భూమి అయితే డిపార్ట్‌మెంట్ మాట చాలు. ఊరి గుట్ట అయితే పంచాయతీలో ఒక మాట చెప్పండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే హెడ్ సంతకంతో లేఖ పట్టుకుని అటవీ శాఖ డివిజన్ ఆఫీసుకు వెళ్లాలి. అభయారణ్యం, టైగర్ రిజర్వ్ అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా ఒక్క రెమ్మ కూడా కోయకూడదు. శేషాచలం వైపు ఎర్రచందనం దొంగతనాల వల్ల నిఘా గట్టిగా ఉంటుంది. చేతిలో కత్తెర, సంచిలో కొమ్మలతో దొరికితే మీరు విద్యార్థి అని నిరూపించే కాగితం జేబులో ఉండాలి. ఆ కొండల్లోనే పెరిగే సైకస్ బెడోమీ మొక్కకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్‌లో అది మొదటి అనుబంధంలో ఉంది. అలాంటివాటిని ఫొటో తీసుకుని వదిలేయండి.

ఒంటరిగా వెళ్లొద్దు. చీలమండ మూసే బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. పొదల కింద రక్తపింజరి ఉండే నేల ఇది. దురదగొండి తీగను ఆకును చూసే గుర్తుపట్టడం మొదటి నెలలోనే నేర్చుకోండి. కాయ మీది నూగు తగిలాక నేర్చుకుంటే ఆ రోజు పని అక్కడితో సరి.

అక్టోబరు నుంచి మే దాకా: చెట్లు, పొదలు, కుటుంబాలు

వానాకాలం పోయిందని కూర్చోవద్దు. ఈ ఎనిమిది నెలలు చెట్లవి. శివరాత్రి చుట్టుపక్కల మోదుగ, బూరుగ పూస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప. ఎండలు ముదిరాక రేల, పాలకొడిశ. చాలా చెట్లు ఆకు రాల్చాక పూస్తాయి కాబట్టి పువ్వును ఒకసారి, ఆకును రెండు నెలల తర్వాత మరోసారి సేకరించాలి. అప్పుడు అదే చెట్టు దగ్గరికి తిరిగి వెళ్లాలి కదా, అందుకని కాండానికి ఒక రిబ్బను కట్టి ఫోన్లో లొకేషన్ సేవ్ చేసుకోండి.

వానలకు ముందు చేయాల్సిన అసలు సాధన వేరే ఉంది. పదకొండు కుటుంబాలను చూపుతో పట్టడం నేర్చుకోండి: ఫాబేసి, పోయేసి, సైపరేసి, ఆస్టరేసి, మాల్వేసి, యుఫోర్బియేసి, లామియేసి, అకాంతేసి, అపోసైనేసి, రూబియేసి, కన్వాల్వులేసి. మన మెట్ట గుట్టల మీద దొరికే జాతుల్లో సుమారు సగం ఈ పదకొండింట్లోకే వస్తాయి. ఒక్కో కుటుంబానికి ఒకటి రెండు గుర్తులు పట్టుకుంటే చాలు. ఎదురెదురు ఆకులు, వాటి కాడల మధ్య కాండాన్ని అంటుకుని పత్రపుచ్ఛాలు (ఆకు మొదట్లో వచ్చే చిన్న రెక్కల్లాంటివి), పువ్వు కింద అండాశయం ఉంటే రూబియేసి. నాలుగు పలకల కాండం, ఎదురెదురు ఆకులు, ఎండిన రక్షకపత్రాల అడుగున నాలుగు చిన్న గింజలు ఉంటే లామియేసి. కాండం వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగిలితే తుంగ, అంటే సైపరేసి. గుండ్రంగా, కణుపుల మధ్య బోలుగా ఉంటే గడ్డి. పిల్లలు నీళ్లలో వేసి టప్‌మని పేల్చే చిటపటకాయ గుర్తుందా? ఆ పేలే కాయ అకాంతేసి గుర్తు. గింజల కింద కొక్కేల్లాంటివి ఉండి వాటిని దూరంగా విసురుతాయి.

ఎగ్జామ్ కోసం పుష్ప సూత్రాలు బట్టీ పట్టే బదులు రోజుకొక పువ్వు విప్పండి. బ్లేడు, రెండు సూదులు, పది రెట్లు చూపే లెన్స్ ఉంటే చాలు. అండాశయాన్ని అడ్డంగా కోసి అరలు లెక్కపెట్టడం మొదటి పదిసార్లు చెడుతుంది. ఇరవయ్యోసారి వచ్చేస్తుంది.

సామాను

మొక్కలను కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టే ప్రెస్ కొనాల్సిన పని లేదు. 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున రెండు ప్లైవుడ్ ముక్కలు కోయించి, గాలి ఆడేలా వాటికి రంధ్రాలు పెట్టించండి. బిగించడానికి రెండు బెల్టులు. పాత దినపత్రికలు కట్టలు కట్టలుగా కావాలి. ఆదివారం అనుబంధాల నున్నటి కాగితం పనికిరాదు, అది నీళ్లు పీల్చదు. మధ్య మధ్యలో పెట్టడానికి అట్టపెట్టెల ముక్కలు. వేళ్లు తవ్వడానికి చిన్న గునపం, కొమ్మలకు కత్తెర, పెద్ద పాలిథిన్ సంచులు, దారం కట్టిన చిన్న అట్ట ట్యాగులు, స్కేలు, పెన్సిల్. పెన్ను వద్దు. తడి తగిలితే సిరా అలుక్కుపోయి నెల రోజుల కష్టం చదవలేని మరకగా మారుతుంది.

గుట్ట మీద: ముందు పుస్తకం, తర్వాత కత్తెర

ఈ పనిలో ప్రాణం ఫీల్డ్ బుక్. మొక్క ఎండితే పోయేవన్నీ అందులో ఉండాలి. పువ్వు రంగు పోతుంది. వాసన పోతుంది. కోసినప్పుడు పాలు వచ్చాయా, నీళ్లలాంటి రసం వచ్చిందా అన్నది పోతుంది. చెట్టు ఎత్తు, బెరడు రంగు, ఎలాంటి నేలలో నిలబడింది, చుట్టూ ఏ మొక్కలున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఇవేవీ షీటు మీద కనిపించవు. మీరు రాయకపోతే ఆ సమాచారం ఇక లేనట్టే.

కోసిన ప్రతి మొక్కకూ మీ పేరు పొడి అక్షరాలు, ఒక సంఖ్య ఇవ్వండి. ఒకటితో మొదలుపెట్టి బతికున్నంతకాలం అదే వరస. కొత్త గుట్టకు వెళ్లామని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకూడదు. ఒకే మొక్క నుంచి ఒకేసారి కోసిన నాలుగైదు రెమ్మలకు ఒకే సంఖ్య. అదే జాతిని వచ్చే నెల మళ్లీ కోస్తే కొత్త సంఖ్య. ట్యాగు కట్టాక, ఆ ట్యాగు కనిపించేలా మొదటి ఫొటో తీయండి. ఆ తర్వాత ఎన్ని ఫొటోలు తీసినా, ఏ మొక్కవో వెతుక్కునే బాధ ఉండదు.

ఏం కోయాలి? చిన్న మొక్క అయితే వేరుతో సహా మొత్తం. షీటు కంటే పొడవైన గడ్డి అయితే ఎన్ అక్షరంలా మడవండి. చెట్టు, పొద అయితే ఆకులు, పువ్వులు, వీలైతే కాయలు అన్నీ ఉన్న జానెడున్నర రెమ్మ. పువ్వూ కాయా రెండూ లేని కొమ్మను కోయొద్దు. దానితో ఎవరూ ఏమీ తేల్చలేరు, చెట్టుకు గాయం మిగులుతుంది. ఆడ పువ్వులు, మగ పువ్వులు వేర్వేరు చెట్ల మీద పూసే జాతులైతే రెండింటి నుంచీ తీసుకోవాలి. ఆ చోట నాలుగైదు మొక్కలే ఉంటే వేటినీ పీకొద్దు. ఫొటో, నోట్సు చాలు.

జూన్ తొలకరి నుంచి వారానికొకసారి వెళ్లండి. ప్రతిసారీ అదే దారి. ఆగస్టులో చిన్న మొక్కలు, సెప్టెంబరు, అక్టోబరుల్లో గడ్డి, తుంగ ఎక్కువగా దొరుకుతాయి. బతుకమ్మ పండక్కి ముందు వారం మాత్రం అస్సలు మానొద్దు. గునుగు, తంగేడు నిండుగా పూసి ఉండేది అప్పుడే. పండక్కి ఊరంతా కోసుకుపోయాక మీకు మంచి రెమ్మ దొరకదు.

ప్రెస్‌లో పెట్టడం, కాగితాలు మార్చడం

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడ జరిగింది. ఒక శనివారం ముప్పైకి పైగా మొక్కలు కోసుకొచ్చి, రాత్రంతా కూర్చుని ప్రెస్‌లో సర్ది, మర్నాడు చుట్టాల పెళ్లికి వెళ్లిపోయాను. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చి బెల్టు విప్పితే నల్ల బూజు. ఆకులు కాడల నుంచి ఊడి కాగితానికి అంటుకుపోయాయి. అందులో ఒక తుంగ మొక్క ఆ చెరువు గట్టున మళ్లీ నాకు దొరకలేదు. ఆ రోజు నుంచి నాకొక నియమం: కాగితాలు మార్చే తీరిక ఎన్నింటికి ఉందో అన్ని మొక్కలే కోయాలి. కొత్తవాళ్లకు రోజుకు పన్నెండు, పదిహేను చాలు.

మొక్కలు వాడిపోకముందే, కుదిరితే గుట్ట దిగకముందే కాగితాల మధ్య పెట్టేయండి. ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, కనీసం ఒక ఆకును అడుగు వైపు పైకి వచ్చేలా తిప్పండి. నూగు, గ్రంథులు, ఈనెలు చాలాసార్లు అడుగు వైపే ఉంటాయి, పేరు తేల్చడానికి వాడే ప్రశ్నల వరస, అంటే కీలో అడిగేది కూడా అదే. ఒక పువ్వును విప్పి పరచండి. మందపాటి కాయను నిలువుగా కోసి సగం పెట్టండి.

మొదటిసారి కాగితాలు పన్నెండు గంటల్లోపు మార్చాలి. అప్పుడు మొక్క ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి మడతపడ్డ ఆకులను సరిచేయడానికి అదే ఆఖరి అవకాశం. తర్వాత వానాకాలమైతే వారం రోజులు ప్రతిరోజూ, చలికాలమైతే రోజు విడిచి రోజు. బరువు కోసం ప్రెస్ మీద బియ్యం బస్తా పెట్టుకోవచ్చు. తీసిన కాగితాలను ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడండి. ముసురు పట్టి వారమంతా ఎండ లేకపోతే, చెక్కపెట్టెలో బల్బు వెలిగించి దాని పైన కాస్త ఎత్తులో ప్రెస్ నిలబెట్టండి. మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. చెంపకు ఆనిస్తే చల్లగా తగలని ఆకు ఎండినట్టు. చల్లగా ఉంటే లోపల ఇంకా తడి ఉంది.

నల్లేరు, బ్రహ్మజెముడు లాంటి కండ మొక్కలు ప్రెస్‌లో కూడా బతికే ఉంటాయి, నెల రోజులైనా చిగుళ్లు వేస్తాయి. వాటిని మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి అప్పుడు పెట్టండి. చెరువులోని సన్నటి మొక్కలను నీళ్ల పళ్లెంలో తేలనిచ్చి, కింద నుంచి తెల్ల కాగితం పెట్టి మెల్లగా పైకి లేపితే విచ్చుకున్న రూపంలోనే వస్తాయి. నాజూకు పువ్వులను సీసాలో డెబ్భై శాతం ఆల్కహాల్‌లో వేసి, అదే సంఖ్య పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్క సీసా లోపల వేయండి.

పేరు తేల్చడం

ఫోన్ యాప్ ఫొటో చూసి ఏదో పేరు చెబుతుంది. దాన్ని కుటుంబం దాకా సూచనగా తీసుకోండి, అంతకు మించి కాదు. పువ్వు లోపల ఏముందో యాప్ చూడలేదు. మీరు చూడగలరు.

ఒక మొక్కతో చేసి చూపిస్తాను. బీడులో నడుము ఎత్తున పొద. ఆకులు ఒకటి విడిచి ఒకటి, గుండె ఆకారం, ముట్టుకుంటే మెత్తని నూగు. లెన్స్‌తో చూస్తే ఆ నూగు నక్షత్రాల్లా ఉంది. పసుపు పువ్వు. కేసరాలన్నీ కలిసి కీలం చుట్టూ గొట్టంలా ఉన్నాయి, పరాగకోశానికి ఒకే అర. ఇంకేమీ చూడక్కర్లేదు, మాల్వేసి. ఇప్పుడు ప్రజాతి. రక్షకపత్రాల కింద మరో వరస చిన్న పత్రాలు, అంటే ఎపికాలిక్స్ ఉందా? లేదు. దాంతో మందార వర్గం, మాల్వాస్ట్రమ్ పక్కకు పోయాయి. ఫలదళాలు, అంటే కాయలోని విడి ముక్కలు ఎన్ని? పదిహేనుకు పైగా, చక్రంలా పేర్చినట్టు ఉన్నాయి. ఒక్కో ఫలదళంలో గింజ ఒకటేనా, ఎక్కువా? ఒకటే అయితే సైడా, ఎక్కువైతే అబ్యుటిలాన్. కోసి చూస్తే రెండు మూడు ఉన్నాయి. ఇది అబ్యుటిలాన్. జాతి కీ దాకా వెళ్తే అబ్యుటిలాన్ ఇండికమ్, మన తుత్తురబెండ. ఈ మొక్కను మీరు చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. తెలిసిన మొక్కలతో కీ నడపడమే మంచి అభ్యాసం, ఎందుకంటే ఎక్కడ దారి తప్పారో వెంటనే తెలుస్తుంది. మొదటి పాతిక మొక్కలూ తెలిసినవే తీసుకోండి.

ఫ్లోరా అంటే ఒక ప్రాంతం మొక్కల వర్ణనలు, కీలు ఉన్న పుస్తకం. ఏది వాడాలి? కోస్తా, రాయలసీమ వాళ్లకు గాంబుల్ మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ ముగించిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా ఇప్పటికీ చేతికర్ర. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది, అందులోని కీలు బిగువుగా ఉంటాయి. తెలంగాణ అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ పుస్తకం పరిధిలోకి రాదు. అయినా చాలా జాతులు ఉమ్మడివే కాబట్టి పని జరుగుతుంది, కాకపోతే కీ చివర ఏదీ సరిపోకపోతే మీ మొక్క అందులో లేదేమో అని అనుమానించాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి పుల్లయ్య గారు, ఆయన సహచరులు 1997లో తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి వర్తిస్తుంది. హుకర్ ఏడు సంపుటాల బ్రిటిష్ ఇండియా ఫ్లోరా, 1872 నుంచి 1897 దాకా వచ్చింది, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది.

కీతో తేల్చాక పని అయిపోలేదు. వర్ణన మొత్తం చదివి మీ మొక్కతో ఒక్కో మాటా సరిచూసుకోండి. తర్వాత ఎండిన మొక్కల షీట్లు దాచే హెర్బేరియంకు వెళ్లి, అక్కడి షీటు పక్కన మీ షీటు పెట్టి చూడండి. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే దక్కను ప్రాంతీయ కేంద్రం ఉంది. దక్షిణాది మొక్కలకు పెద్ద నిధి కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం. ముందుగా లేఖ రాసి, తేదీ అడిగి వెళ్లండి. షీట్లను పుస్తకం పేజీల్లా తిప్పకూడదు. రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాలి.

పాత పేరు, కొత్త పేరు

విద్యార్థులు అన్నిటికంటే గందరగోళపడేది ఇక్కడే. పాత ఫ్లోరాలో తంగేడు కాసియా ఆరిక్యులేటా. ఇప్పటి పేరు సెన్నా ఆరిక్యులేటా. రేల మాత్రం అప్పుడూ ఇప్పుడూ కాసియా ఫిస్టులానే. ఎందుకు? రెండు పువ్వులూ తెచ్చి పక్కపక్కన పెట్టండి. రేల పువ్వులో కింది మూడు కేసరాల కాడలు పొడవుగా, వంకీ తిరిగి, పరాగకోశాల కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. తంగేడులో అలాంటి వంకీలు లేవు. రేల పువ్వు కాడకు లఘుపుచ్ఛాలు, అంటే బుల్లి పత్రాలు ఉంటాయి, తంగేడుకు ఉండవు. ఇలాంటి తేడాలను ఆధారం చేసుకుని ఇర్విన్, బార్నెబీ 1982లో పాత కాసియాను కాసియా, సెన్నా, కమేక్రిస్టా అని మూడుగా విడదీశారు. ఆరిక్యులేటా అంటే చెవులు ఉన్నది అని. ఆకు కాడ మొదట్లో చెవి తమ్మెల్లాంటి పెద్ద పత్రపుచ్ఛాలు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

ఆ పేరు చివర బ్రాకెట్లో ఎల్., దాని తర్వాత రాక్స్‌బ్. అని ఉంటుంది. మొదట పేరు పెట్టింది లిన్నేయస్, దాన్ని సెన్నా ప్రజాతిలోకి మార్చింది రాక్స్‌బరో అని అర్థం. ఈ రాక్స్‌బరో మనకు పరాయివాడు కాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లే ముందు ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉండి, కోరమండల్ తీరం మొక్కలను వర్ణించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించినవాడు. మొక్కలకు తెలుగువాళ్లు చెప్పిన పేర్లను తన పుస్తకాల్లో రాసుకున్నాడు. సోయ్మిడా అనే ప్రజాతి పేరు మన సోమిద చెట్టుదే. చండ్ర చెట్టు జాతి పేరు చుండ్రా కూడా మన మాటే.

ప్రాజెక్టులో రాయాల్సింది ఇప్పుడు ఆమోదంలో ఉన్న పేరు. లండన్‌లోని క్యూ ఉద్యానవనం నడిపే ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో ప్రతి పేరునూ సరిచూసుకుని, పాత ఫ్లోరాలోని పేరును పర్యాయపదంగా కింద ఇవ్వండి. కుటుంబాల విషయంలోనూ అంతే. బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతిలో జిల్లేడు ఆస్క్లిపియడేసి, బూరుగ మాల్వేసిలోనే ఒక తెగ, టేకు వర్బినేసి. డీఎన్‌ఏ పోలికల ఆధారంగా 2016లో వచ్చిన ఏపీజీ నాలుగో వర్గీకరణలో జిల్లేడు అపోసైనేసి, టేకు లామియేసి. మధ్యలో బాంబకేసిగా విడిపోయిన బూరుగ మళ్లీ మాల్వేసిలోకి తిరిగొచ్చింది. మీ సిలబస్ పాతదైనా రెండూ నేర్చుకోక తప్పదు. మన హెర్బేరియంలలో బీరువాలు ఎక్కువగా బెంథామ్, హుకర్ వరసలోనే సర్ది ఉంటాయి, ఇప్పటి పరిశోధన పత్రాలు ఏపీజీలో ఉంటాయి.

తెలుగు పేరు ఎలా రాసుకోవాలి

ఇది చాలామంది చివర్లో పుస్తకం నుంచి ఎత్తి రాసే అంశం. దయచేసి అలా చేయొద్దు. గలిజేరు అని అడగండి. ఒక ఊళ్లో ట్రయాంథెమా చూపిస్తారు, మరో ఊళ్లో బోయర్‌హావియా చూపిస్తారు. రెండూ నేల మీద పాకుతాయి, రెంటినీ కూర వండుకుంటారు, రెంటినీ పునర్నవ పేరుతో మందుకు వాడేవాళ్లున్నారు. కానీ కుటుంబాలే వేరు. ట్రయాంథెమాలో పువ్వు ఆకు చంకలో కాడ లేకుండా ఒదిగి ఉంటుంది, ఆకు కాడ అడుగు వెడల్పై దాన్ని కప్పుతుంది, కాయ మూత ఊడినట్టు తెరుచుకుంటుంది. బోయర్‌హావియాకు, అంటే అటికమామిడికి, సన్నటి కొమ్మల చివర చిన్న గులాబీ రంగు పువ్వులు వస్తాయి, కాయ జిగటగా బట్టలకు అంటుకుంటుంది.

అందుకే తెలుగు పేరు పక్కన ఎప్పుడూ మూడు ఉండాలి: ఏ ఊరు, చెప్పినవారు ఏ పని చేస్తారు, ఏ సంఖ్య షీటు. మొక్కను చేతికిచ్చి అడగండి, ఫొటో చూపించి కాదు. వాళ్లు ఆకు నలిపి వాసన చూస్తారు, తుంచి పాలు చూస్తారు, అప్పుడు చెబుతారు. గొర్రెలు కాసేవాళ్లు, కూరాకు ఏరే ఆడవాళ్లు చెప్పే పేర్లు మీ గుట్ట వరకు ఏ పుస్తకం కంటే నమ్మదగ్గవి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. కుప్పింటాకును మురిపిండాకు అనేవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ చెప్పేది అకాలిఫా ఇండికా గురించే. మందు వాడకం చెబితే వారి అనుమతి అడిగి రాసుకోండి. వద్దంటే వదిలేయండి.

అంటించడం, అప్పగించడం

షీటు కొలత సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు. దళసరి, ఆమ్లం లేని కాగితం. కాడలను తెల్ల దారంతో కుట్టండి, ఆకులను పలచటి జిగురుతో అక్కడక్కడా అంటించండి. సెల్లో టేపు వద్దు, కొన్నేళ్లకు పసుపెక్కి ఊడిపోతుంది. రాలిన గింజలు, పువ్వులు కాగితపు పొట్లంలో పెట్టి షీటుకే అంటించాలి. లేబుల్ కుడి కింది మూలన ఉండాలి: కుటుంబం, శాస్త్రీయ నామం, కర్తల పేర్లతో సహా, తెలుగు పేరు, ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సంఖ్య, సేకరించినవారు, పేరు తేల్చినవారు, ఫీల్డ్ బుక్‌లోని రంగులు, వాసనలు.

పురుగు పట్టకుండా మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచమని పాత ప్రాక్టికల్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. అది పాదరసం విషం. ముంచినవాళ్లకే కాదు, దశాబ్దాల తర్వాత ఆ షీటు ముట్టుకున్నవాళ్లకూ ప్రమాదమే. ల్యాబ్‌లో ఎవరైనా చేయమంటే మర్యాదగా కాదనండి. దాని బదులు షీట్లను పాలిథిన్ కవర్లో గట్టిగా మూసి, మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, విప్పితే షీటు మీద నీళ్లు పడతాయి. పాత షీట్లు చూడాల్సి వచ్చినప్పుడు గ్లవ్స్ వేసుకోండి, చేతులు కడిగాకే తినండి.

మీ షీట్లలో ఒక సెట్టు డిపార్ట్‌మెంట్‌కు, ఒక సెట్టు గుర్తింపు ఉన్న హెర్బేరియంకు ఇవ్వండి. అక్కడ ఇచ్చే నమోదు సంఖ్యను ప్రాజెక్టులో ప్రతి జాతి కింద రాయాలి. ఈ అడుగు వదిలేస్తే మీ జాబితాను రేపు ఎవరూ పరీక్షించలేరు. పరీక్ష అయ్యాక షీట్లు పాత కాగితాల వాడికి పోవడం నేను కళ్లారా చూశాను. ఆ గుట్టను తర్వాత క్వారీకి ఇచ్చారు. అక్కడ ఒకప్పుడు ఏం మొలిచాయో చెప్పే ఆధారం ఇప్పుడు ఎక్కడా లేదు.

రాయడం

డిసెంబరుకల్లా సేకరణ ఆపి రాతకు కూర్చోండి. ప్రాంతం వర్ణన నాలుగు పేజీలు దాటనివ్వొద్దు. ప్రతి జాతికీ పేరు, పర్యాయపదం, మీ మొక్కను కొలిచి మీరే రాసిన వర్ణన, పూసే కాసే నెలలు, నేల, షీటు సంఖ్య. వర్ణనలు ఫ్లోరా నుంచి ఎత్తి రాస్తే వైవాలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. ఆకు పొడవు మీ షీటు మీద స్కేలు పెట్టి కొలిచిందే రాయండి. చివర్లో మీ గుట్ట జాతులకు మాత్రమే పనికొచ్చే కీ ఒకటి మీరే తయారుచేయండి, కనీసం మాల్వేసికో గడ్డికో. జూనియర్ ఒకరికి మొక్కా, మీ కీ చేతికిచ్చి పక్కన కూర్చోండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మీ వాక్యం మార్చాలి.

పేరు తేలని మొక్కలు మిగులుతాయి. వాటిని ఏదో ఒక పేరు కింద తోసేయకుండా ప్రజాతి దాకా రాసి ఆపేయండి. కొత్త జాతి దొరికిందని తొందరపడొద్దు, జిల్లాకు కొత్త రికార్డు అనే మాటకు కూడా ఆ కుటుంబం తెలిసినవారికి షీటు పంపి జవాబు వచ్చేదాకా ఆగాలి.

పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకుంటే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు కూడా సిద్ధం కావాలి. అందులో టాక్సానమీ వాటా చిన్నది, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, ఫిజియాలజీ పెద్దవి. వాటికి సాయంత్రాలు కేటాయించండి. జూన్ నుంచి నవంబరు దాకా ఆదివారం ఉదయాలు మాత్రం గుట్టకు వదిలేయండి. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. కొన్ని పువ్వులు తొమ్మిదింటికే ముడుచుకుపోతాయి.